చివరి అతుకు

పక్కింటి కుక్క చేమంతి మడిని సర్వనాశనం చేసింది. ఇందులో వాదించడానికేమీ లేదు. వెల్డర్‌కి, పోయిన భార్య తన చేత్తో నాటిన మొక్కల్లో ఇక మిగిలింది ఒకే ఒక్క కుదురు. అదీ పోతే ఆ పెరట్లో ఆమె గుర్తుగా పచ్చనిదంటూ ఏదీ ఉండదు. అందుకే ఆయన మడి చుట్టూ ఇనుప కంచె కడుతున్నాడు.

"కారప్పొడి చల్లి చూడకపోయారా బాబాయ్?" పక్కింటి నర్సు గోడ మీదుగా తొంగిచూసింది.

"చల్లాను. తుమ్మి, మళ్ళీ తవ్వింది."

"ముళ్ళకంప?"

"దాంతో వీపు గోక్కుంది. నీ కుక్క కదా, దానికి సిగ్గెక్కడిది?"

నర్సు నవ్వాపుకుంది. "ఇకనుంచి కట్టేస్తానన్నానుగా."

"ఆ మాట కుక్కకి చెప్పావా?"

నిలువెత్తు ఊచలు. వాటి పైన ఈటెల్లాంటి మొనలు. ఇక ఒక్క ఊచల పలక అతికిస్తే పని అయిపోయినట్టే.

"గేటెక్కడ బాబాయ్?"

"గేటు పెడితే దానికి దారి పెట్టినట్టే. నీళ్ళు పైపుతో బయటినుంచే కొడతాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇనుముతోనే కాపురం చేస్తున్నాను. నాకు నేర్పకు."

అంతలో కుక్క గోడ దూకి వచ్చి ఆయన పంట్లాం అంచు పట్టుకు లాగింది. విదిలించాడు. ఆటనుకుని మళ్ళీ పట్టుకుంది. వెల్డర్‌కి ఒళ్ళు మండింది. వెల్డింగ్ సరంజామా తీసుకుని కంచె లోపలికి వెళ్ళి, చివరి పలకను తనవైపు లాక్కున్నాడు.

"ఇప్పుడు లాగవే, చూస్తాను!"

"బాబాయ్, ఒక్క మాట..."

"నువ్వుండు. అతుకు పెట్టేటప్పుడు నాతో మాట్లాడకూడదు."

మాస్కు దించాడు. ఆ నల్లటి అద్దంలోంచి నిప్పురవ్వ తప్ప మరేమీ కనబడదు. అటు జరిగి, ఇటు జరిగి, పైనుంచి కిందిదాకా అతుకు మీద అతుకు పెట్టాడు. మాస్కు ఎత్తి, కంచె పట్టుకుని ఊపాడు. ఇసుమంతైనా కదల్లేదు.

"చూశావా! నీ కుక్క కాదు కదా, దాని తాత దిగొచ్చినా లోపలికి రాలేదు!"

కుక్క బయట కూర్చుని తోకాడిస్తోంది.

"నిజమే బాబాయ్. మరి మీరు బయటికెలా వస్తారు?"

వెల్డర్ ఊచల వంక చూశాడు. పైన మొనల వంక చూశాడు. కటింగ్ మిషన్ బయట గోడవారన ఉంది.

"దానికేముంది, కోసుకుని వస్తాను. ముందా మిషన్ పైనుంచి అందించు," అన్నాడు, గొంతు తగ్గకుండా.

నర్సు కదల్లేదు. ఆమె ముఖంలో నవ్వు పోయింది. చూపు ఆయన కాళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆయనా కిందికి చూశాడు. కుడికాలు మెల్లగా ఎత్తాడు.

చేమంతి కుదురు మట్టిలో కలిసిపోయి ఉంది. చుట్టూ అన్నీ బూటు గుర్తులే. కుక్క అడుగు ఒక్కటీ లేదు.

"ఈ సంగతి నువ్వెత్తకు," అన్నాడు వెల్డర్. "నీ కుక్క సంగతి నేను చచ్చేదాకా ఎత్తను."