నా అన్నవాళ్లు

తెల్లారేసరికి లాడ్జి డాబా మీద బట్టలారేసే నైలాన్ తాళ్లు నాలుగూ మాయమయ్యాయి.

మేనేజర్ రాజారత్నానికి ఒళ్లు మండింది.

కరోనా లాక్‌డౌన్ పెట్టిన వారానికి ఆఫీసర్లు బందరు బస్టాండులో, హార్బరు దగ్గర పడుకునేవాళ్లందరినీ పోగుచేసి ఆ లాడ్జిలో దింపారు. గదికొకరు. రెండు పూటలా భోజనం, వారానికోసారి డాక్టరు, రోజూ పొద్దున్నే మంచీచెడ్డా కనుక్కోవడానికి కౌన్సెలర్ సుచిత్ర. ఓనరు మాత్రం గుడివాడలో కూర్చుని, దుప్పటి చిరిగినా గ్లాసు పగిలినా నీదే పూచీ అని ఫోన్లో చెప్పి చేతులు దులుపుకున్నాడు.

రాజారత్నం గుండెల్లో అంతకంటే పెద్ద గుబులు ఇంకోటుంది.

మూడో అంతస్తు మూల గదిలో ఉన్న కుర్రాడు రోడ్డు మీద దొరికినవాడు కాదు. సాక్షాత్తూ ఆయన కొడుకు జాన్సన్.

బ్రాందీ షాపులు మూతపడగానే జాన్సన్‌కి వణుకు మొదలైంది. గోడల మీద పీతలు పాకుతున్నాయని కేకలు పెట్టేవాడు. పక్కిల్లు చూస్తే పాస్టరుగారిది. చర్చి కమిటీ పెద్ద రాజారత్నం కొడుకు తాగుబోతని నలుగురికీ తెలిస్తే ఇంకేమన్నా ఉందా! అందుకని తెచ్చి ఇక్కడ పడేశాడు. నాలుగు రోజులు వణికితే వాడే దారికొస్తాడనుకున్నాడు.

సొంత పేరు రాస్తే ఎవరైనా ఆరా తీస్తారని సుచిత్ర రిజిస్టర్లో వాసు అని రాయించాడు. ఊరు తెలియదన్నాడు.

"ఆ అబ్బాయికి నా అన్నవాళ్లు ఎవరున్నారండీ?" అని ఆవిడ అడిగింది.

"ఎవరూ లేరండి. అనాథ."

కన్నతండ్రికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

తాగుడు ఉన్నట్టుండి ఆగిపోతే ప్రాణం మీదికొస్తుందనీ, వణికేవాళ్లుంటే దాచొద్దనీ, మాత్రలు తన సంచిలోనే ఉన్నాయనీ సుచిత్ర రోజూ చెప్పేది. రాజారత్నం తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు. ఆవిడ మూల గదికి వెళ్లబోతే, ఇప్పుడే పడుకున్నాడండీ అని మెట్ల దగ్గరే ఆపేసేవాడు.

ఆ పొద్దున తాళ్లు రెండో అంతస్తులో దొరికాయి.

పాతకాలపు లాడ్జి అది. చుట్టూ గదులు, నడుమ కింది దాకా ఖాళీ. ఆ ఖాళీకి అడ్డంగా, ఈ రెయిలింగు నుంచి ఆ రెయిలింగుకి వల కట్టి ఉంది. తాళ్లు చాలనిచోట దుప్పటి చింపి పేనిన పేలికలు. ఖుద్దూస్ గొంతుక్కూర్చుని ఆఖరి ముడి బిగిస్తున్నాడు.

గిలకలదిండి హార్బర్లో చిరిగిన వలలు బాగుచేసుకుని బతికే ముసలాయన. ఐసు ఫ్యాక్టరీ అరుగే ఆయన ఇల్లు. ఇక్కడ మూల గది పక్క గదిలో పెట్టారు.

"ఇక్కడ వలేసి ఏం పడతావయ్యా, పండుగప్పా?" అన్నాడు రాజారత్నం.

"మనిషినండి," అన్నాడు ఖుద్దూస్.

చుట్టూ మూగినవాళ్లు పడీపడీ నవ్వారు. రాజారత్నమూ నవ్వాడు.

అప్పుడే సుచిత్ర మెట్లెక్కి వచ్చింది. ముసలాయన ఆవిడ కోసమే కాచుకున్నట్టు లేచాడు.

"అమ్మా, మీతో ఒక మాట చెప్పాలి. ఆ మూల గది అబ్బాయి..."

రాజారత్నానికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్లూ కాపాడుకున్న గుట్టు కాస్తా రట్టయిపోతోంది.

మాట పూర్తికాకుండానే ముసలాయన చెంప ఛెళ్లుమంది.

వీడు దొంగ అన్నాడు రాజారత్నం. మతి లేదన్నాడు. అదీ చాలదని, నిన్నటి నుంచి దగ్గుతున్నాడన్నాడు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు. నవ్వినవాళ్లంతా తలో గదిలోకీ దూరి తలుపులేసుకున్నారు. టెస్టు చేయించేదాకా ఉంచండి అని సుచిత్ర అంటూనే ఉంది. రాజారత్నం ముసలాయన మెడ పట్టి కిందికి ఈడ్చుకెళ్లి గేటు బయట పడేశాడు.

ఖుద్దూస్ గేటు ఊచలు పట్టుకున్నాడు.

"నన్ను పంపితే పంపండి బాబుగారూ. వల మాత్రం తియ్యకండి."

సుచిత్ర ఆయన దగ్గర ఆగిపోయింది. రాజారత్నం వంటగదిలో కత్తి అందుకుని పైకి వెళ్లాడు. ముడి ఒక్కటీ ఊడి రాలేదు. తిట్టుకుంటూ ఒక్కో తాడూ కోశాడు.

గేటు దగ్గర నుంచి సుచిత్ర పరుగెత్తుకొస్తోంది, ఆవిడ వెనకే ఖుద్దూస్. ఆ అబ్బాయి నిన్న సాయంత్రం దూకబోయాడట, ఖుద్దూస్ గారు చొక్కా పట్టి లాగారట, వల తియ్యకండి అని అరుస్తోంది.

వల కింద పడింది.

పీతలు, పీతలు అంటూ పైన జాన్సన్ కేక వినిపించింది. తర్వాత జాన్సన్ పడ్డాడు.

రాజారత్నం మెట్లు దిగి వచ్చేసరికి కౌంటరు ముందు గచ్చు మీద ఖుద్దూస్ కూర్చుని ఉన్నాడు. కుర్రాడి తల ఆయన ఒళ్లో ఉంది. అప్పటికే ప్రాణం లేదు.

కానిస్టేబుల్ వచ్చాడు. ఈ అబ్బాయి తాలూకు ఎవరని అడిగాడు.

"నా కొడుకండి," అన్నాడు రాజారత్నం.

సుచిత్ర ఆయన మొహంలోకి చూసింది. "అనాథ అని రాయించింది మీరే కదండీ."

రిజిస్టరు తెరిచి కానిస్టేబుల్ చేతికిచ్చింది.

వాసు పేరుకెదురుగా 'ఎవరూ లేరు' అన్నది కొట్టేసి ఉంది. పిల్లాడికి ఎవరూ లేరని రాయకండమ్మా అని మూడు రోజుల కిందట ఒకాయన బతిమాలి రాయించుకున్న రెండు మాటలు, పక్కన వేలిముద్రతో సహా, దాని పైన ఉన్నాయి: ఖుద్దూస్, తాత.