ఆరువేలకు రెండు కళ్ళు

"మళ్ళీ మూసేశారమ్మగారు," అన్నాడు కెమెరాల కొట్టతను, తెరని వాళ్ళవైపు తిప్పి.

పుస్తకాలు బైండింగు చేసే ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఫోటోలో ఆయన భార్య హాయిగా కళ్ళు మూసుకుని ఉంది. ఇది తొమ్మిదో కెమెరా.

"నేను తెరిచే ఉంచానండీ, ఒట్టు," అందావిడ, నొచ్చుకుంటూ.

"నువ్వు తెరిచే ఉంచావు. కెమెరాయే తొందరపడింది."

ఆవిడకి ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం వచ్చింది. గుర్తింపు కార్డుకి ఫోటో ఇవ్వడానికి రేపే ఆఖరు. అప్పటికి మూడు ఫోటోలు తిరిగొచ్చాయి. మూడోదాని వెనక అక్కడి గుమాస్తా ఎర్రసిరాతో, 'మాకు కావలసింది ఆయా, రోగి కాదు' అని రాశాడు. స్టూడియోలవాళ్ళు దణ్ణం పెట్టి పంపేశారు. ఫోన్లు ఇంకా మాట్లాడటానికే పనికొచ్చే రోజులవి. సొంతంగా ఒక డిజిటల్ కెమెరా ఉంటే, వంద ఫోటోలు తీస్తే, ఒక్కదాంట్లోనైనా కళ్ళు దొరక్కపోతాయా అని బైండరు ఆశ. జేబులో ఉన్నది ఆరువేలు.

"ఇంతకన్నా చురుకైంది లేదా బాబూ?"

"ఆరువేలకి ఇవే చురుకు మాష్టారూ. అమ్మగారి రెప్పలముందు నా కొట్టంతా దిగదుడుపే."

పదో కెమెరా. మూసింది. పదకొండోదానితో, మూడు అనగానే నొక్కుతానని చెప్పి రెండుకే నొక్కాడు. ఆవిడ ఒకటికే మూసేసింది. కొట్టతనికి పంతం వచ్చింది. స్టూలెక్కి తీశాడు, నేలమీద పడుకుని తీశాడు, బీరువా చాటునుంచి తీశాడు. ఆవిడా తన వంతు సాయం చేసింది. రెప్పల్ని వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. ఆ ఫోటోలో వేళ్ళు చక్కగా వచ్చాయి.

"పోదాం పదండి," అందావిడ మెల్లిగా. "ఉద్యోగం లేకపోతే ఏం? ఇంట్లో కూర్చుని మీ అట్టలకి జిగురు రాసిపెడతా."

ఆ మాట అంటూ ఆవిడ నవ్వబోయింది. బైండరు అది చూడలేక పైకి చూశాడు.

"బాబూ, ఆ పై అరలో నల్లది?"

"అది మీరు కొనేది కాదు మాష్టారూ."

"కొనను. ఒక్కసారి తీసి చూపించు."

కొట్టతను దాన్ని పసిబిడ్డలా రెండు చేతులా దించాడు. కంటికి ఆనించుకుని, అలవాటుకొద్దీ ధర చెప్పాడు.

"రెండు లక్షల పదివేలు."

"ఎంతా!" అందావిడ.

కొట్టతని వేలు దానంతటదే నొక్కేసింది.

తెరమీద చారెడేసి కళ్ళు. రెండూ. ఇన్నేళ్ళ కాపురంలో రోజూ చూస్తున్న కళ్ళే అయినా, బైండరు కాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాడు. కొట్టతను నాలుగు కాపీలు తీసిచ్చి, డబ్బు తీసుకోనన్నాడు. ఆరువేలూ అలాగే ఇంటికొచ్చాయి. సోమవారం ఆవిడ ఉద్యోగంలో చేరింది.

ఇప్పుడు రోజూ పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు కార్డులో ఫోటోని, ఆవిడ ముఖాన్ని మార్చిమార్చి చూసి, "ఈవిడ ఆవిడ కాదు" అంటాడు; అప్పుడు పక్కనే నిలబడ్డ బైండరు పేపరు విప్పి, ఆ రోజు బంగారం ధర పైకి చదువుతాడు.