గంపలో కుక్కపిల్ల

"ఇది బతకాలండీ," అంది జయకుమారి, గంప బల్ల మీద పెడుతూ.

దర్శి పశువుల ఆసుపత్రికి కుక్కపిల్లల్ని తెచ్చేవాళ్లు మామూలుగా "బతుకుతుందా?" అని అడుగుతారు. కొందరు ఏడుస్తారు కూడా. ఈమె అడగలేదు, ఏడవలేదు. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన మనిషిలా, చెప్పాల్సింది చెప్పి నిలబడింది.

గంపలో గోనెసంచి, సంచిలో గోధుమరంగు కుక్కపిల్ల. పొద్దుట్నుంచి వాంతులు, నెత్తుటి విరేచనాలు. తల ఎత్తే ఓపిక కూడా లేదు దానికి. కాంపౌండరు బుడే ముక్కు మూసుకుని, రెండో చేత్తో దాన్ని ఎత్తబోయాడు.

"గ్లౌజులేసుకోండి," అంది జయకుమారి.

"ఈ రోగం మనుషులకి అంటదులేమ్మా."

"అయినా వేసుకోండి."

బుడే నవ్వుకుంటూ వేసుకున్నాడు. కూలికి మిరపకాయల తొడిమలు తీసే మనిషికి ఇంత శుభ్రం పిచ్చేమిటా అని ఆయన నవ్వు.

డాక్టర్ నగ్మా ఆ ఆసుపత్రికి కొత్త. పేగుల జబ్బు చేసిన కుక్కపిల్లల ఒంట్లో విటమిన్లు ఎంతవరకు పడిపోతాయో చూడాలని ఆమె పరిశోధన. అలాంటి కుక్కపిల్ల వచ్చినప్పుడల్లా కాస్త రక్తం తీసి పరీక్షకు పంపుతుంది. తెచ్చినవాళ్లను అడిగే తీస్తుంది.

"నా చదువు కోసం కొంచెం రక్తం తీసుకుంటానమ్మా. పర్లేదా?"

"తీస్తే చచ్చిపోద్దా?"

"చావదు."

"అయితే తీసుకోండి."

"దీని పేరేంటి?"

జయకుమారి గోనెసంచి సర్దింది. "పేరేం పెట్టలేదండీ."

"టీకాలు వేయించారా?"

"తెలీదండీ. వేయించి ఉండరు."

"ఇంట్లో పిల్లలున్నారా?"

"ఒక పాపండీ. స్తుతి."

"పాపం, బెంగ పెట్టుకుని ఉంటుంది."

జయకుమారి తల దించుకుంది. "పాప కోసమేనండీ. ఇది బతకాలి."

నగ్మాకు జాలేసింది. సెలైను పెట్టింది, వాంతులు తగ్గడానికి సూది వేసింది. సాయంత్రం దాకా జయకుమారి ఆ బల్ల పక్కనే నిలబడింది. కుక్కపిల్లను ఒక్కసారీ నిమరలేదు, పిలవలేదు. దాని పొట్ట లేస్తోందా, పడుతోందా, అదొక్కటే చూస్తూ ఉంది. బుడే తెచ్చిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

మధ్యలో మొగుడు ఇమ్మానుయేలు ఫోను చేశాడు.

"ఉందా?"

"ఉంది. పాప?"

"నీళ్లు తాగింది. ఇప్పుడే."

ఫోను పెట్టేశారు. 

మర్నాటికి రక్తపరీక్ష వచ్చింది. నగ్మా మొహం చిన్నబుచ్చుకుంది.

"బీ ట్వెల్వ్, డీ విటమిన్లు రెండూ అడుగంటాయమ్మా. పేగులు దెబ్బతిన్నాయి, ఏం పెట్టినా ఒంటికి పట్టదు. విటమిన్లు సూదిలోనే ఇస్తాను. ఇంకో వారం గట్టెక్కిందంటే..."

"వారం అక్కర్లేదండీ. ఆదివారం దాటితే చాలు."

"ఆదివారం ఏముంది?"

"ఏం లేదండీ."

పాప పుట్టినరోజు కాబోలు అనుకుంది నగ్మా. ఇక అడగలేదు.

అప్పట్నుంచి రోజూ మొదటి ఆటోకి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది జయకుమారి. మిరపకాయల పని మంచి ఊపులో ఉన్న రోజులు, ఒక్క పూట మానేసినా మేస్త్రి ఇంకొకరిని పెట్టుకుంటాడు. పెట్టుకున్నాడు కూడా. ఆ సంగతి విన్నాక కూడా ఆమె మర్నాడు మొదటి ఆటోకే వచ్చింది.

శనివారం కుక్కపిల్ల కళ్లు తేలేసింది. ఒళ్లు చల్లబడింది.

"చూడలేకపోతున్నానమ్మా," అంది నగ్మా. "ఇంకా ఎందుకు దీన్ని బాధపెట్టడం? ఒక్క సూదితో నిద్రపుచ్చేద్దాం. పాపకి నేను చెప్తాను."

"వద్దు!" జయకుమారి కేకకు బుడే పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "లేవకపోయినా పర్లేదు. తినకపోయినా పర్లేదు. ఊపిరుంటే చాలండీ. మీకు దణ్ణం పెడతాను."

నగ్మాకు ఒళ్లు మండింది. మూగజీవం యాతన పడుతుంటే, తమ ముద్దూ మురిపెం కోసం దాన్ని వదలనివాళ్లను ఆమె చాలామందిని చూసింది. అయినా వేడినీళ్ల సీసాలు కుక్కపిల్ల పక్కలో పెట్టించింది. సెలైను మార్చింది. విటమిన్ల సూది మళ్లీ వేసింది.

ఆదివారం సెలవు. అయినా నగ్మా ఆసుపత్రికి వచ్చింది. చర్చి మానేసి జయకుమారీ వచ్చింది. ఇద్దరూ చెరో పక్కన కూర్చున్నారు. సాయంత్రానికి కుక్కపిల్ల ఒళ్లు కాస్త వెచ్చబడింది.

సోమవారం పొద్దున గంజి నాకింది. ఇంకాసేపటికి లేచి నిలబడింది, తూలింది, మళ్లీ నిలబడి తోకాడించింది.

"బతికిందమ్మా నీ కూతురి కుక్క!" అన్నాడు బుడే సంబరంగా.

నగ్మా కళ్లు తుడుచుకుంది. జయకుమారి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. కుక్కపిల్లను కాసేపు చూసింది. గోడకి చేరగిలబడింది. తర్వాత ఖాళీ గంప చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"అదేంటి! కుక్కపిల్లని మర్చిపోయావు," అంది నగ్మా.

"ఎవరన్నా అడిగితే ఇచ్చెయ్యండి."

"ఏం మనిషివమ్మా నువ్వు? పని పోగొట్టుకుని, కన్నబిడ్డలా కాసుకుని, తీరా బతికాక వదిలేసి పోతావా? పాపకేం చెప్తావు?"

జయకుమారి మొదటిసారి డాక్టరమ్మ మొహంలోకి చూసింది.

"సూదులు వేయిస్తున్నాం గానీ, కరిచిన కుక్క పది రోజులు బతికుంటేనే పిల్లకి భయం లేదన్నారండీ; నిన్నటితో పదీ నిండాయి, మా స్తుతిని మూతి మీద కరిచింది ఇదే."