బయ్యన్న కొత్తిల్లు

కంబదూరు దాటి మట్టిరోడ్డు దిగేసరికి లహరి స్కూటీ వేగం తగ్గించింది. గతుకులకు కాదు, భయానికి.

రాప్తాడు నుంచి మార్కండేయ కారులో బయల్దేరాడు. కాసేపట్లో వచ్చేస్తాడు. ఆయన కట్టుకోబోయే ఇంటికి రెండు ప్లాన్లున్నాయి. ఒకటి సిమెంటు స్లాబు, ముందంతా అద్దాలు. రెండోది లహరి గీసింది. "నువ్వు కట్టిన ఆ బయ్యన్న ఇంట్లో మే నెల ఎండకు జనం ఎట్లుండారో కండ్లారా సూసినాకే నా మాట" అన్నాడు.

బయ్యన్న ఇల్లే లహరి కట్టిన మొదటి ఇల్లు. ఇప్పటికి అదొక్కటే. రెండడుగుల మందం రాతిగోడలు. బండలు పరిచి పైన మట్టి పోసిన మిద్దె. పడమటి వైపు కిటికీయే లేదు. "ఈ కాలంలో మట్టిమిద్దె ఏందప్పా, ఈ పిల్లకేమన్నా పిచ్చా" అని ఊరంతా నవ్వింది.

బయ్యన్న నవ్వలేదు. "మాకు సోకులొద్దు పాపా. ఎండాకాలం లోపల సల్లగుండల్ల, అంతే" అన్నాడు. పడకగదులు ఎన్ని కావాలని అడిగితే మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కటే పెద్దగది చాలన్నారు. లహరి మురిసిపోయింది. ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చునే అలవాటు మన పల్లెల్లో ఇంకా బతికే ఉందని ఆర్కిటెక్చర్ కాలేజీలో తన సార్‌కు ఫోన్ చేసి మరీ చెప్పింది.

స్కూటీ ఆపి చూసింది.

ఇంటి పక్కనే పాత రేకుల పంచ. దాని కింద బయ్యన్న భార్య చెన్నమ్మ పొయ్యి ముందు చెమటలు కక్కుతోంది. ముసలి మామ తడిగుడ్డ కప్పుకుని మంచంలో మూలుగుతున్నాడు. టీవీ, బీరువా, దేవుడి పటాలు అన్నీ అక్కడే. కొత్తింటి తలుపు మూసి ఉంది. లహరి ముచ్చటపడి పెట్టించిన కిటికీలకు తడి గోనెసంచులు వేలాడుతున్నాయి.

"ఏమక్కా, ఇల్లు పెట్టుకోని ఈడున్నారే?"

"ఈడే బాగుండాదిలే పాపా."

"బాగుండేదేంది! రేకులు కాలిపోతాండాయి."

"మాకు అలవాటేలే."

ఫోన్ మోగింది. మార్కండేయ. "కంబదూరుకొచ్చినా పాపా, ఎటు తిరగల్ల?"

వెనక్కి పొమ్మందామనుకుంది. చివరికి దారి చెప్పింది.

ఇక నిలబడలేకపోయింది. అటు నడిచింది, ఇటు నడిచింది. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. మరి వీళ్ళకేం పొయ్యేకాలం?

"నిజం చెప్పక్కా. ఇల్లు నచ్చలేదా? వాస్తు బాగలేదన్నారా ఎవరన్నా?"

"అయ్యో, అట్లనొద్దు తల్లీ. శానా బాగా కట్టినావు."

"అట్లైతే వంట కూడా బయటే ఎందుకు?"

"తాలింపు పొగ లోపలికి పోతాదని."

"పోతే పోనీ! ఇల్లన్నాక పొగ పోదా?"

చెన్నమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. లహరికి ఒళ్ళు మండింది. విసవిసా తలుపు దగ్గరికి నడిచింది. చెన్నమ్మ గరిటె పడేసి పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"ఆగు పాపా, ఆగు! సెంటు పూసుకోనొచ్చినావు. లోపలికి పోగూడదు."

లహరికి ఏడుపొచ్చేసింది. పునాది నుంచి దగ్గరుండి కట్టించిన ఇంట్లోకి తననే రావద్దంటారా!

అప్పుడే బయ్యన్న బండి మీద పచ్చాకు మోపుతో వచ్చాడు. మేకలకేమో అనుకుంది లహరి. ఆ వెనకే దుమ్ము రేపుకుంటూ మార్కండేయ కారు. ఆయన దిగీ దిగగానే రేకుల కింద సంసారాన్ని ఎగాదిగా చూశాడు. "ఏం పాపా, అంతా బయటే ఉండారే!" అన్నాడు.

లహరికి తల కొట్టేసినట్టయింది. "మీరు కాపురముండని ఇంటికి నన్నెందుకు ఇంత కష్టపెట్టినారన్నా?" అని బయ్యన్న మీద విరుచుకుపడింది.

బయ్యన్న తల గోక్కున్నాడు. "ముందే చెప్తే గీయనంటావేమోనని భయపడితిమి పాపా. రాండి, ఇద్దరూ రాండి. చెప్పులు ఈడ ఇడ్సి కాళ్ళు కడుక్కోండి. గడప మాత్రం దాటొద్దు."

తలుపు ఓరగా తీశాడు. చల్లటి గాలి మొహానికి కొట్టింది. మార్కండేయ "అబ్బ!" అన్నాడు. లోపల మసకచీకట్లో సన్నగా వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు.

బయ్యన్న గొంతు తగ్గించి గర్వంగా అన్నాడు: "ఇంత ఎండలో గూడా ఒక్క పట్టుపురుగూ సావకుండా ఆకు తింటాండాయి సూడు, ఈ పంట గట్టెక్కనీ పాపా, మేముండేదానికి గూడా ఇట్లాంటిదే ఒకటి గీయల్ల నువ్వు!"