ఇకెది విడ్డూరం

"ఇకెదా? బంగారంలాంటి పిల్లాడు. కాకపోతే... కాస్త విడ్డూరం" అంది ఉగోయే, చేటలో పుచ్చగింజలు ఒలుస్తూ.

ఆమె భర్త పొలానికి వెళ్తూ అతిథి మర్యాదగా విరిచిచ్చిన కోలాకాయ ముక్క నములుతున్న ఒక్వుదిలి ఠక్కున ఆగిపోయాడు. అన్న కూతురు ఒలన్మను పక్కింటి ఇకెదికి ఇవ్వొచ్చా లేదా అని వాకబు చేయడానికే అతను ఈ ఊరొచ్చాడు. అతను వద్దంటే సంబంధం అక్కడితో సరి.

"విడ్డూరం అంటే? పిచ్చా చెల్లెమ్మా?"

"ఛ, అవేం మాటలన్నా!"

"చేతివాటమా?"

"వాళ్ల వంశంలోనే లేదు."

"మూర్ఛ రోగమా?"

"ఎద్దులా ఉంటాడు."

"మరి ఆ మాటెందుకన్నావు?"

"ఊరంతా అంటుంది, నేనూ అన్నాను."

"ఇంకెవరిని అంటారేంటి మీ ఊళ్లో?"

ఉగోయే ఒలవడం ఆపి ఆలోచించింది. "కూత కూసిన కోడిపెట్టని అన్నాం. కోసుకు తినేశాం. పాస్టరుగారి తమ్ముడు పెళ్లాం బదులు తనే కట్టెలు కొడుతుంటే అతన్నీ అన్నాం. తర్వాత ఆడవాళ్లందరం ఇళ్లల్లో పోట్లాడి మా మొగుళ్ల చేతా కట్టెలు కొట్టించాం. ఇప్పుడతన్ని ఎవరూ అనరు."

"ఇంకొకరు తోడైతే ఆ మాట పోతుందన్నమాట. మరి ఇకెది ఏం చేశాడు?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఎడమచేత్తోనే. ఎదుట పెద్దలున్నా అంతే. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ చెయ్యి కట్టేసింది, వాతా పెట్టింది. మారితేగా! పెళ్లినాడు మీ పిల్ల రెండూళ్ల జనం ముందు మోకాళ్ల మీద కూర్చుని కల్లు కప్పు ఇస్తుందా, దాన్నీ ఎడమచేత్తోనే అందుకుంటాడు. మీ పరువేం కాను?"

ఒక్వుదిలి చేతిలో మిగిలిన కోలాకాయ ముక్క కింద పెట్టేశాడు. ఉగోయే గతుక్కుమంది.

"నేను చెప్పానని అనకన్నా. పిల్లాడు నిజంగా మంచోడు."

అతను లేచి టోపీ దులిపి పెట్టుకున్నాడు. "వచ్చే సంతరోజు కల్లు కుండలతో పిల్లనడగడానికి మా ఇంటికి రమ్మని చెప్పు వాళ్లని."

"ఇంత విన్నాక కూడానా!"

"ఏం చెయ్యను చెల్లెమ్మా" అన్నాడు ఒక్వుదిలి, నవ్వు ఆపుకోలేక. "మా పిల్ల ఆ కప్పు ఇచ్చేదీ ఎడమచేత్తోనే."