గుళ్లా, తాబేళ్లా?

ఈసారి ఏమైనా సరే, ఈవిడని తాబేళ్ల పడవ ఎక్కించి తీరాలనుకుంది లాండీ.

రిసార్ట్ హాల్లో యాత్రల టికెట్లు రాసే బల్ల ఆమెది. బల్లకి అవతల గ్రసియేలా నిలబడి ఉంది. కాంపెచేలో బడిపంతులమ్మ, నలభై దాటిన మనిషి. సెలవు దొరికితే చాలు, ఉన్నవాటిలో చౌక గది చూసుకుని దిగిపోతుంది. ఏడాదిలో ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ ఒకటే పాట. కోబా గుళ్లు, గైడు విల్బెర్త్ నడిపే వ్యాను.

"టీచరమ్మగారూ, ఆ పాత రాళ్లు పోయినసారి చూశారు. అంతకుముందూ చూశారు. మీరొచ్చినప్పుడల్లా ఆ పిరమిడ్‌కి ఇంకో మెట్టు కడుతున్నారా ఏంటి?"

గ్రసియేలా నవ్వింది. ఆ నవ్వుకే లాండీకి ఒళ్లు మండింది.

"సముద్రం చూడండి, ఇవాళ అల కూడా లేదు. ఎవెలియో పడవలో వెళ్తే తాబేళ్లు చేతికందేంత దగ్గర్లో ఈదుతాయి. నీళ్లంటే భయమా? గులాబీ కొంగల మడుగుంది. ఆ గుళ్ల దగ్గర ఏముందండీ, ఎండా దోమలూ తప్ప?"

"విల్బెర్త్ కథ చెబుతుంటే దోమలు కూడా కుట్టడం మానేసి వింటాయండీ."

అది నిజమని లాండీకి తెలుసు. ఓడిపోయిన రాజు సంగతి దగ్గరికొచ్చేసరికి విల్బెర్త్ గొంతు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతు తనొక్కదానికే తెలుసని ఇన్నాళ్లూ అనుకుంది.

"గుళ్ల వ్యాను నిండిపోయింది," అని అబద్ధం ఆడేసింది. ఐదు సీట్లు ఖాళీగా ఉన్న కాగితం మీద మోచెయ్యి ఆనించి, ఫోన్ అందుకుంది. "ఏమయ్యా ఎవెలియో, పడవలో ఒక చోటు ఉంచు. ఎవరికైతే నీకెందుకు? సాయంత్రం చెప్తాలే."

"శ్రమపడకండి," అంది గ్రసియేలా మెల్లగా. "నేను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంటాను. ఆయనే రమ్మన్నారు."

ఆయనట! లాండీ చేతిలో పెన్ను కాగితాన్ని పొడిచింది.

అంతలో విల్బెర్త్ వచ్చాడు. తెల్ల గుయాబెరా చొక్కా, చేతులకి కత్తిలాంటి మడత. ఆ ఇస్త్రీ లాండీ చేసింది కాదు. జుట్టు తడిపి దువ్వాడు. బుగ్గలకి నారింజపూల అత్తరు కూడా రాసుకున్నాడు. రాళ్లు చూపించడానికి వెళ్లే మనిషికి అత్తరెందుకు?

"ఏం, ఇవాళేదైనా పండగా?" అంది.

"అలాంటిదే," అన్నాడు తలెత్తకుండా.

గ్రసియేలా వంగి కింద పెట్టిన సంచీ తీసుకుంది. మెడ చుట్టూ ఉన్న పల్చటి గుడ్డ జారింది. లోపల బంగారు గొలుసు మెరిసింది.

లాండీ బల్ల మీదుగా ముందుకి వంగి చూసింది.

అక్కడి ఊళ్లలో పెళ్లి ఖాయమైతే పెళ్లికొడుకు తల్లి రొట్టె, చాక్లెట్ పట్టుకుని పిల్ల ఇంటికొస్తుంది. పదిమందీ చూస్తుండగా పిల్ల మెడలో గొలుసు వేస్తుంది. ముహుల్ అంటారు దాన్ని. విల్బెర్త్ తల్లి డోన్యా తెక్లా ఆ గొలుసు వేసినప్పుడు లాండీకి పంతొమ్మిదేళ్లు. నిజం బంగారమేనా అని పంటితో కొరికింది. ఇల్లంతా నవ్వులే. గొలుసులో మూడో లంకె సొట్టపోయింది.

ఇప్పుడు పంతులమ్మ మెడలో గొలుసుకీ మూడో లంకె సొట్టపోయి ఉంది. తన పంటి గాటే. అనుమానం లేదు.

"మీరు పదండి, నేనొస్తున్నా," అని గ్రసియేలాని వ్యాను వైపు పంపించి, విల్బెర్త్ బల్ల దగ్గరే నిలబడ్డాడు. "లాండీ, నీకు నేనే చెబుదామనుకున్నా."

"ఆ గొలుసు మొదట ఎవరి మెడలో పడిందో ఆవిడకి తెలుసా?"

"తెలుసు. అంతా చెప్పాను."

"తెలిసి కూడా వేసుకుందా! సిగ్గు లేదూ?"

"ఇన్నాళ్లూ పెట్టెలో పడి మూలిగింది. ఇంకెన్నాళ్లు?"

"ఎన్నాళ్లైతే నీకేం? గొలుసేమైనా అడిగిందా నిన్ను? ఆ మనిషికి దొరకనే దొరకదా ఇంకో గొలుసు?" పక్క బల్ల వాళ్లు చూస్తున్నారని తెలిసినా ఆగలేకపోయింది. "ఇన్నేళ్లూ ఒక్కసారైనా నా వైపు చూసి మాట్లాడావా నువ్వు? ఆవిడకైతే రోజంతా కథలు చెప్తావు!"

విల్బెర్త్ తలెత్తాడు. కళ్లలో కోపం లేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

"అలా మాట్లాడకు, లాండీ," అన్నాడు. అనేసి వెళ్లిపోయాడు.

అద్దాల తలుపు లోంచి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. వ్యాను ముందు తలుపు తానే తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఎక్కాక, గౌను అంచు తలుపులో పడకుండా లోపలికి సర్దాడు. వ్యాను కొబ్బరిచెట్ల మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఫోన్ మోగింది. ఎవెలియో. "చోటు ఉంచమన్నావు, మనిషేరీ? పడవ తీసేస్తున్నా."

"రాదు. ఆవిడ గుళ్లే కావాలంది," అని లాండీ పెట్టేసింది.

పద్దెనిమిదేళ్ల కిందట, పెళ్లి పదిరోజులుందనగా, ఆ గొలుసు తీసుకెళ్లి డోన్యా తెక్లా చేతిలో తిరిగి పెట్టేసి, మూడు పడవలున్న ఎవెలియోని కట్టుకున్నది లాండీయే.