కంప్యూటర్‌కెక్కని పాసు

"మీ కారు ఫిట్‌నెస్ పాసైనట్టు కంప్యూటర్లో లేదండీ," అన్నాడు నడిరోడ్డు మీద ఆపిన తనిఖీ అధికారి.

కామాగారు జాలిగా నవ్వారు. ఆయన ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ఇరవై ఏళ్ళుగా లోకం చేసే తప్పులు దిద్ది దిద్ది, ఎవరైనా ఉత్తరం రాసినా చదివేముందు ఎర్రపెన్ను మూత తీసే స్థితికి వచ్చిన మనిషి. కామాగారన్నది ప్రెస్సువాళ్ళు కడుపుమంటతో పెట్టిన పేరు. అసలు పేరు జీతం పుస్తకంలో మాత్రమే మిగిలింది.

ఆయన జేబులోంచి స్లిప్పు తీసి చూపించారు. నాలుగు రోజుల కిందటి తేదీ, గ్యారేజీ ముద్ర, సంతకం, అడుగున పెద్దక్షరాలతో 'పాస్'.

అధికారి దాన్ని తిరగేసి మరగేసి ఇచ్చేశాడు. కాగితంతో తనకి పనిలేదన్నాడు. వారం గడువిస్తున్నాననీ, ఈలోగా గ్యారేజీవాళ్ళు కంప్యూటర్లో ఎక్కించకపోతే కారు పట్టుకుపోతామనీ చెప్పాడు.

పదహారేళ్ళ తెల్లకారది. కామాగారికి ప్రాణం, ఆయన భార్యకి సవతి. అమ్మెయ్యమని ఆవిడ పోరు పెట్టగా పెట్టగా ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఈసారి పరీక్షలో తప్పితే తుక్కుకి వెయ్యాలి. పాసైతే ఆవిడ ఇక జన్మలో ఆ మాట ఎత్తకూడదు.

పాసైంది. ఆ రోజు కామాగారు స్లిప్పు జేబులో పెట్టుకుని, గ్యారేజీ ముందు తాళంతో సహా సిద్ధంగా ఉన్న కారెక్కి ఇంటికొచ్చారు. సీటు ముందుకి జరిపి, అద్దం కిందకి వంచి ఉంచినందుకు గ్యారేజీవాళ్ళని నాలుగు తిట్టుకున్నారు, అంతే. మిగతా దారంతా మీసం మీంచి చెయ్యి దించలేదు.

పైగా పాసయ్యాక కారుకి కొత్త ప్రాయం వచ్చింది. పొద్దున్నే ఆ దగ్గు లేదు. గేరు మారుతుంటే పళ్ళు నూరే చప్పుడు లేదు. మూడేళ్ళుగా మూగనోము పట్టిన హారను వీధి వీధంతా ఉలిక్కిపడేలా మోగుతోంది. కారులో రోగం ఎప్పుడూ లేదనీ, చూసేవాళ్ళ కళ్ళలోనే ఉందనీ ఆయన మలుపు మలుపుకీ భార్యని దెప్పారు.

కారు సీటు కింద దొరికిన గులాబీరంగు జడక్లిప్పు తెచ్చి ఆవిడ ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టింది.

గ్యారేజీవాళ్ళదై ఉంటుందన్నారాయన.

"చెంచా కూడా మిగల్చకుండా ఖాళీ చేసి ఇచ్చామండీ కారు. ఆ గ్యారేజీలో ఉన్నవాళ్ళా, ముగ్గురికీ బట్టతలే," అంది ఆవిడ.

ఆ తర్వాత రెండు రోజులు కూరల్లో ఉప్పు పడలేదు.

ఇంట్లో ఇదీ సంగతి. బయట చూస్తే గడువు కరిగిపోతోంది. కామాగారు రోజూ గ్యారేజీకి ఫోన్ చేశారు. ఎవరెత్తినా ఒకటే పాట, మీరోసారి రావాలి సార్ అని. తప్పు చేసింది వాళ్ళు, దిద్దుకోవలసింది వాళ్ళు, మధ్యలో తనెందుకు రావాలని ఆయన ఒంటికాలి మీద లేచేవారు. రెండుసార్లు వాళ్ళే ఫోన్ చేసి ఆ మాటే చెబితే, ఫోను పెట్టేసి రెండు పేజీల ఫిర్యాదు రాశారు. దాన్ని మూడుసార్లు ప్రూఫ్ చూసుకున్నారు.

చివరి రోజు సెలవు పెట్టి కారు తీశారు. పిలవకుండానే భార్య కూడా ఎక్కి కూర్చుంది. ఆ గ్యారేజీలో జడ ఉన్న మనిషి ఎవరైనా ఉన్నారేమో కళ్ళారా చూడాలని ఆవిడ పట్టుదల.

కామాగారు కారుని సరిగ్గా గ్యారేజీ గేటుకి అడ్డంగా ఆపారు. ఓనరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఫిర్యాదు మొదటి పేజీ అంతా ఆయన నిలబడే చదివి వినిపించారు. బాధ్యతారాహిత్యం అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. ఇవాళ సాయంత్రానికి ఎంట్రీ పడకపోతే పదహారేళ్ళ తోడు పోతుందంటున్నప్పుడు మాత్రం ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. భార్యకి కూడా ఆ క్షణంలో జాలేసింది.

"ఎక్కించలేదు సార్, నిజమే," అన్నాడు ఓనరు.

చూశావా అన్నట్టు కామాగారు భార్య వైపు తిరిగారు.

"ఎందుకు ఎక్కించలేదు?"

"మా దగ్గర పద్ధతే అది సార్. పాసైన బండిని దాని సొంతదారు తీసుకెళ్ళాకే కంప్యూటర్లో ఎక్కిస్తాం. అందుకే మిమ్మల్ని రమ్మని అన్నిసార్లు చెప్పాం."

"నేను తీసుకెళ్ళి పదకొండు రోజులైందయ్యా."

ఓనరు స్లిప్పు అడిగి తీసుకున్నాడు. దాన్నోసారి, గేటుకి అడ్డంగా ఉన్న కారునోసారి, మళ్ళీ దాన్నోసారి చూశాడు. బట్టతల గోక్కున్నాడు. తర్వాత ఒక కుర్చీ తెచ్చి వేసి, కామాగారి భుజం పట్టుకుని నెమ్మదిగా కూర్చోబెట్టాడు.

"సార్, మీ కారింకా మా షెడ్డులోనే ఉంది."